ఏడో నంబరు గలీబు

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ఒత్తులు కొన్నిచోట్ల పడి ఉండవు, కొన్నిచోట్ల అక్కర్లేకుండా పడి ఉంటాయి. ఈ కథ రాయడానికి నాలుగు నెలలు పట్టింది. గూఢచారుల సంగతి ఊహించి రాసిందే. బట్టల సంగతి మాత్రం తప్పు రాయలేదు.

మిక్సీలు బాగుచేసే షాపు వెనక ఒక గది. బల్ల మీద విప్పిన మోటారు, దాని పక్కన ఒక ఫైలు. ఫైలు మీద "టాప్ సీక్రెట్" అని ముద్ర, ముద్ర మీద గుండ్రంగా టీ మరక.

"కూర్చో పదకొండూ," అన్నాడు పెద్దాయన.

"కూర్చుంటే లేవడానికి టైం పడుతుంది సార్. నిలబడే వింటాను."

ఏజెంట్ పదకొండుకి యాభై ఆరేళ్ళు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. మూడు సరిహద్దుల్లో చేసిన డ్యూటీ అంతా ఆమె మోకాళ్ళు గుర్తుపెట్టుకున్నాయి.

పెద్దాయన ఒక ఫోటో ముందుకి తోశాడు. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి, భుజం మీద రేసు సైకిలు, నోరంతా నవ్వు. "సైకిల్ రేసు ఆడేవాడు. సోమవారం పడుకున్నాడు, మంగళవారం లేవలేదు. గుండె ఆగిపోయిందని రిపోర్టు."

"గుండె ఆగకుండా ఎవరు పోయారు సార్?"

"అందుకే నిన్ను పిలిచింది."

బ్రీఫింగ్ ఐదు నిమిషాలు. ఇరవై రోజుల రేసు. దాని మీద ఒక ఫారిన్ ముఠా పందేలు నడుపుతోంది. గెలవాల్సిన వాళ్ళకి బలం కూడా ఆ ముఠాయే అమ్ముతోంది. రేసుకి నెలల ముందే రైడర్ ఒంట్లోంచి రక్తం తీసి, బ్యాగులో నింపి, ఐసులో దాస్తారు. కొండ ఎక్కే రోజు ముందు మళ్ళీ అదే మనిషికి ఎక్కిస్తారు. ఒంట్లో రక్తం ఎక్కువైతే ఊపిరి ఎక్కువ, ఊపిరి ఎక్కువైతే స్పీడు. ఎక్కించేది సొంత రక్తమే కాబట్టి మందుల టెస్టుకి దొరకదు.

"ఈ కుర్రాడి బ్యాగు ఎక్కడో ఎండకి పాడైంది. అది తెలియక ఎక్కించారు. అంతే."

"ఇప్పుడు ఎవరు ప్రమాదంలో ఉన్నారు?"

"అదే టీంలో ఒకడున్నాడు. ముప్పై ఆరేళ్ళు. అందరూ తాత అంటారు. ఈ వయసులో రేసు లీడ్ చేస్తున్నాడు, కాబట్టి దొంగే అని పేపర్లన్నీ రాస్తున్నాయి. అతనికి ఈ వ్యాపారం మొత్తం తెలుసు. రేసు అయ్యాక కమిటీ ముందు పేర్లు చెప్తానని మనకి కబురు పంపాడు. ఆ కబురు ముఠాకి కూడా చేరింది."

"చంపేస్తారా?"

"చంపితే అనుమానం వాళ్ళ మీదకి వస్తుంది. చేతిలో సూదితో చచ్చాడనుకో, దొంగ చచ్చాడు అంటారు. అతను అంతకుముందు చెప్పిన మాట కూడా ఎవరూ నమ్మరు."

ఆమెకి ఇచ్చిన వేషం టీం లాండ్రీ మనిషి. ఇచ్చిన పరికరాలు రెండు. వైర్‌లెస్ దాచిన ఇస్త్రీ పెట్టె ఒకటి, కెమెరా దాచిన బట్టల క్లిప్పు ఒకటి.

"టీంలో మన మనిషి పదకొండేళ్ళుగా ఉంది. తనే వచ్చి 'నీళ్ళు వేడెక్కాయా' అని అడుగుతుంది. 'ఇంకా రెండు బకెట్లున్నాయి' అను."

"ఈ వయసులో నాకు గ్లామర్ వేషం ఇస్తారనుకోలేదు గానీ, మరీ ఇది..."

"లాండ్రీ మనిషిని ఎవరూ చూడరు పదకొండూ. నీకు అంతకన్నా మంచి వేషం లేదు."

*

లాండ్రీ అంటే ఒక పాత వ్యాను. లోపల రెండు మెషీన్లు, ఒక డ్రయరు, ఒక బెంచీ. వెళ్ళిపోతున్న పాత లాండ్రీ ఆవిడ బట్టలన్నీ లెక్క చెప్పి అప్పగించింది. ఒక్కో రైడర్‌కి ఒక వల సంచీ, సంచీకి ఒక నంబరు. హోటల్ దిండ్లు పడక జలుబు చేస్తుందని టీం వాళ్ళు దిండ్లు కూడా వెంట తెచ్చుకుంటారు. వాటి గలీబులకీ నంబరు కుట్టి ఉంటుంది.

"పోయిన అబ్బాయిది ఏడో నంబరు," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "అన్నీ సర్ది వాళ్ళింటికి పంపాం. గలీబు ఒక్కటి దొరకలేదమ్మా. నా చేతిలో ఎప్పుడూ ఒక్క రుమాలు పోలేదు."

రెండో రోజు వ్యాను తలుపు దగ్గర సెంటు వాసన వచ్చింది. తర్వాత సిల్కు స్కార్ఫు, దాని తర్వాత టీం డాక్టరమ్మ. ఆవిడ నడిస్తే హోటల్ లాబీలో లిఫ్టులు కూడా ఆగి చూసేవి.

"నీళ్ళు వేడెక్కాయా?"

"ఇంకా రెండు బకెట్లున్నాయి."

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "మెకానిక్ మీద కన్నెయ్యి. వాడే ముఠా మనిషి. మిగతాది నేను చూసుకుంటాను. నువ్వు శ్రమపడకు, అసలే పెద్దదానివి."

ఆమె బకెట్ ఎత్తి పక్కన పెట్టింది. నడుం కలుక్కుమంది.

రోజులు గడిచాయి. ఏడుగురు రైడర్లు, రోజుకి ఇరవై కేజీల బురద. మెకానిక్‌ని గమనిస్తే తేలిందల్లా, వాడు సైకిళ్ళతో ప్రేమగా, మనుషులతో బూతులుగా మాట్లాడతాడని. "ఏంటక్కా అలా చూస్తావు, నా మొహం మీద గ్రీజుందా?" అని అడిగాడు ఒకసారి.

"మొహమే కనబడటం లేదు తమ్ముడూ."

తాత మాత్రం రోజూ తన సంచీ తనే తెచ్చి ఇచ్చేవాడు. తనకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాణ్ణి తాతా అని పిలవడం ఆమెకి మొదట్లో నవ్వొచ్చేది. ఏడుగురిలో సాక్సులు తిరగేసి సరిచేసి ఇచ్చేవాడు అతనొక్కడే. అతని నారింజ రంగు లీడర్ జెర్సీ మీద చెమటతో పాటు రోజూ గుడ్డు సొన కూడా ఉండేది. రోడ్డు పక్కన నిలబడ్డ వాళ్ళు విసిరేవాళ్ళు.

"ఇవాళ ఎన్ని?"

"మూడక్కా. ఒకటి గురి తప్పింది. ఈ మరక పోతుందా?"

"చన్నీళ్ళయితే పోతుంది. గుడ్డుకీ రక్తానికీ వేడినీళ్ళు తగిలాయంటే బట్ట చిరిగేదాకా అలాగే ఉంటుంది."

అతను బెంచీ మీద కూలబడ్డాడు. "నిజంగానే దొంగనైతే బాగుండుననిపిస్తుంది ఒక్కోసారి. కనీసం ఇన్ని మాటలకి న్యాయం జరిగేది."

"అయ్యావా ఎప్పుడైనా?"

అతను సంచీలోంచి ఒక సాక్సు తీసి మళ్ళీ సరిచేశాడు. "మూడు నెలల క్రితం రక్తం తీయించుకున్నాను. ఎక్కించుకోలేదు. ఏడో నంబరు వాడు నా పక్క మంచం మీదే పోయాడక్కా. ఇంక ఎలా ఎక్కించుకుంటాను?"

*

పదిహేడో రోజు రేసుకి సెలవు. మర్నాడు ఆఖరి కొండ. పొద్దున్నే మాసిన బట్టలు వేరుచేస్తుంటే ఆమె చేతికి ఒక గలీబు తగిలింది. మధ్యలో అరచేతంత ఎర్ర మరక, ఇంకా తడిగానే ఉంది. అంచు తిప్పి చూసింది. ఏడు.

చచ్చిపోయిన మనిషి దిండు గలీబు ఎనిమిది రోజుల తర్వాత పచ్చి మరకతో ఉతకడానికి వచ్చింది.

వెనక సెంటు వాసన. "ఓ, అదా! పొరపాటున నా గదిలో ఉండిపోయినట్టుంది. బీట్‌రూట్ రసం ఒలికింది. రైడర్లకి రోజూ ఇస్తాంగా. వేడినీళ్ళలో పడెయ్, పోతుంది."

"అలాగే డాక్టరమ్మా."

ఆవిడ వెళ్ళాక ఒక మగ్గులో మరిగే నీళ్ళు పోసి గలీబు ఒక మూల ముంచింది. బీట్‌రూట్ అయితే రంగు నీళ్ళలోకి దిగాలి. నీళ్ళు అలాగే ఉన్నాయి. మూల మాత్రం కాఫీ రంగుకి తిరిగి గట్టిగా పట్టేసింది.

ఈవిడ జన్మలో ఒక్క చొక్కా ఉతికిన మనిషి కాదు, అనుకుంది ఆమె.

రక్తం బ్యాగుని ఈ గలీబులో చుట్టి కారులో మోసుకొచ్చింది. బ్యాగు కారింది. ఎవరికి దొరికినా ఇబ్బందని మాసిన బట్టల్లో పడేసింది, ఉతికేస్తే అయిపోతుందని. నంబర్లు చూసే మనిషి ఒకతి ఉంటుందని ఆవిడకి తట్టలేదు.

ఇస్త్రీ పెట్టె చెవి దగ్గర పెట్టుకుంది. "సార్, మన మనిషి మన మనిషి కాదు."

అవతల పెద్దాయన గొంతు వచ్చింది. "పదకొండేళ్ళ సర్వీసు పదకొండూ. ఒక గలీబు చూపించి ఆమెని పట్టుకోమంటే నన్ను పిచ్చాసుపత్రిలో వేస్తారు. బ్యాగు కావాలి."

ఆమె నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్ళింది. "తమ్ముడూ, డాక్టరమ్మ కారు ఎప్పుడు కడిగావు?"

"కడగనిస్తే కదా! రెండు రోజుల నుంచీ డిక్కీ ముట్టుకోవద్దంది. ఎండలో పెట్టించింది, నీడలోకి తిప్పుతానంటే తిట్టింది. నన్నే తిట్టిందక్కా, బూతులు లేకుండా. ఎంత బాధేసిందో."

రెండు రోజులు ఎండలో. ఏడో నంబరు వాడిది పొరపాటు. ఆ పొరపాటు ముఠాకి ఒక దారి చూపించింది. ఇప్పుడు తాత బ్యాగుకి కావాలనే చేస్తున్నారు.

"డాక్టరమ్మ ఇప్పుడెక్కడుంది?"

"ఇందాకే పైకి వెళ్ళింది. తాత గదికి."

"ఆ కారు చక్రాలు ఊడదియ్యి. ఎందుకని అడక్కు. తర్వాత పైకి రా."

"అడగనక్కా. చక్రాలు ఊడదియ్యమంటే నేనెప్పుడూ ఎందుకని అడగలేదు."

లిఫ్టు ముందు టీవీ వాళ్ళు గుమిగూడి ఉన్నారు. ఆమె మెట్లెక్కింది. మూడు అంతస్తులు. మోకాళ్ళు ప్రతి అంతస్తులోనూ నిరసన తెలిపాయి. ఒక చేతిలో మడత పెట్టిన లీడర్ జెర్సీ, ఇంకో చేతిలో ఇస్త్రీ పెట్టె, చీర కుచ్చిళ్ళకి క్లిప్పు.

తలుపు కొట్టింది. "బట్టలు!"

"తర్వాత రా."

"టీవీ వాళ్ళు ఫోటోకి లీడర్ జెర్సీ అడుగుతున్నారమ్మా."

తలుపు జానెడు తెరుచుకుంది. జెర్సీ అందుకోవడానికి గోళ్ళ రంగు వేసిన చెయ్యి బయటికొచ్చింది. ఆ సందులో ఆమె ఇస్త్రీ పెట్టె దూర్చి భుజంతో తోసింది.

మంచం మీద తాత, కళ్ళు మూసుకుని. గోడ మీది పటం తీసి కింద పెట్టి, ఆ మేకుకి బ్యాగు తగిలించి ఉంది. ట్యూబులో ఎరుపు కిందకి దిగుతోంది. అతని మోచేతికి నాలుగు వేళ్ళ దూరం. మూడు వేళ్ళు.

ఆమె కుచ్చిళ్ళ దగ్గర క్లిప్పు లాగి ట్యూబుకి పెట్టింది.

ఎరుపు ఆగిపోయింది, రెండు వేళ్ళ దూరంలో.

"ఏంటక్కా," అన్నాడు తాత కళ్ళు తెరవకుండానే. "ఒక్కసారికి పోనీ. అనేవాళ్ళు ఎలాగూ అంటున్నారు. అలిసిపోయాను."

"లేచి ఆ బ్యాగు ముట్టుకో నాయనా. ఐసులోంచి వచ్చింది ఎలా ఉండాలి?"

అతను చెయ్యి చాపి ముట్టుకున్నాడు. ఎండలో పెట్టిన నీళ్ళ సీసాలా వెచ్చగా ఉంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పక్క మంచం వైపు చూశాడు. అది ఖాళీగా, దుప్పటి నలగకుండా ఉంది.

డాక్టరమ్మ స్కార్ఫు కింద నుంచి లిప్‌స్టిక్కంత పిస్తోలు బయటికి తీసింది. "పదకొండూ, నువ్వు బట్టలే ఉతుక్కుని ఉండాల్సింది."

"అదే చేశానమ్మా. రక్తానికి వేడినీళ్ళు చెప్పింది మీరు."

"ఇక్కడేం జరిగిందో ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తోంది," అంది ఇస్త్రీ పెట్టె, పెద్దాయన గొంతుతో. "పదకొండేళ్ళుగా నీ రిపోర్టులన్నీ చదివాను డాక్టరమ్మా. అన్నిట్లోకీ ఇదే బాగుంది. కింద పోలీసులున్నారు."

ఆవిడ గిర్రున తలుపు వైపు తిరిగింది. గుమ్మంలో మెకానిక్, రెండు చేతుల్లో రెండు కారు చక్రాలు. "ఎక్కడికమ్మా? చక్రాలు ఇక్కడుంటే?" ఒక చక్రం ఆవిడ పాదం మీద వదిలాడు. పిస్తోలు మంచం కిందకి జారింది.

నేల మీద కూలబడ్డ డాక్టరమ్మ నవ్వింది. తాత వైపు చూసింది. "నోరు తెరిస్తే నువ్వూ మునుగుతావు. బ్యాగులో రక్తం నీది. ఎక్కించమని చెయ్యి చాపింది నువ్వు. ఊరుకుంటే రేపు గెలుస్తావు, ఎవరికీ తెలియదు."

కింద టీవీ వాళ్ళ గోల వినబడుతోంది. ఆమె అతని చేతిలోంచి సూది తీసి దూది అదిమింది. ఏం చెయ్యాలో చెప్పలేదు. చెప్పే పని ఆమెది కాదు.

తాత లేచి మేకు మీద నుంచి బ్యాగు తీసుకున్నాడు. "క్లిప్పు తియ్యకక్కా. కారుతుంది."

అలాగే సాక్సులతోనే మెట్లు దిగాడు. ఒక చేతిలో బ్యాగు, వేలాడే ట్యూబుకి బట్టల క్లిప్పు. కెమెరాలన్నీ ఒక్కసారి తిరిగాయి. అతను ఆగలేదు. లాబీలో కూర్చున్న మందుల టెస్టు ఆఫీసర్ల బల్ల దగ్గరికి వెళ్ళి బ్యాగు పెట్టాడు.

"పేరు?" అన్నాడు ఆఫీసరు అలవాటుగా.

"నాది మొదట రాసుకోండి. నా తర్వాత ఇంకో పద్నాలుగు చెప్పాలి. పేపరు చాలకపోతే తెప్పించుకోండి."

*

మర్నాడు ఆఖరి కొండ అతను లేకుండానే జరిగింది. "అనుకున్నట్టే దొంగ" అని పేపర్లు పెద్ద అక్షరాలతో రాశాయి. పద్నాలుగు పేర్లు లోపలి పేజీలో చిన్నగా వచ్చాయి. అయినా వచ్చాయి.

సాయంత్రం అతను వ్యాను దగ్గరికి సంచీ తెచ్చాడు. సాక్సులు సరిగానే తిరగేసి ఉన్నాయి.

"ఇంటికేనా?"

"ఇంటికే. మా పాప ఫోన్ చేసింది. స్కూల్లో అందరూ దొంగ అంటున్నారట. ఏం చెప్పనక్కా?"

"మా నాన్న బతికున్నాడని చెప్పమను. మిగతాది నువ్వే చెప్పు, నిదానంగా."

అతను వెళ్ళాక ఆమె లెక్క రాసుకుంది. ఏడో నంబరు గలీబు దొరికింది, మరక పోలేదు. పాత లాండ్రీ ఆవిడకి ఫోన్ చేసి ఆ మాట చెప్పింది.

క్లిప్పులో కెమెరా ఒక్క ఫోటో కూడా తియ్యలేదని ఆఫీసు వాళ్ళు తర్వాత చెప్పారు. క్లిప్పుగా మాత్రం పనిచేసింది.

ఇస్త్రీ పెట్టె గరగరమంది. "పదకొండూ, బాగా చేశావు. కొత్త డ్యూటీ. ఈసారి ఈతగాళ్ళ టీం. మళ్ళీ లాండ్రీయే."

ఆమె మోకాళ్ళు పట్టుకుని లేచి, మెషీన్ ఆపింది.

"ఈతగాళ్ళా? పోనీలెండి సార్. బట్టలు తక్కువ."

ఇట్లు,
ఇస్త్రీ పిన్ని,
వయసు అరవై ఎనిమిది,
ఇప్పుడుండేది చెల్లెలి కొడుకు ఇంట్లో, మెట్ల పక్క గది.