పులిసిన చేప, చెదరని నీలం

ముసలి రూనె తన లేజర్ మిషన్ మీదే బోర్లా పడి ఉన్నాడు. వెనక నుంచి కాల్చారు. నావికాదళం సొరంగంలోకి వెళ్లే ప్రతివాడి ఛాతీ మీదా మెరిసే నీలపు స్టీలు బిళ్ల ఆయన చేతి పనే.

“రహస్యం చెప్పనందుకు చంపారు, నీచులు,” అంది గూఢచారి శాఖ బాస్ మైలిస్, తన ఏజెంటు సిక్స్టెన్‌తో. “ఆ నీలం పూసిన రంగు కాదు సిక్స్టెన్. లేజర్ వేడికి స్టీలు మీద సన్నటి పొర కడుతుంది, ఆ పొరే నీలంగా కనబడుతుంది. జిడ్డు తగిలితే నీలం మారుతుంది, తుడిస్తే తిరిగొస్తుంది. ఈయన్ని చంపిన ముఠా దగ్గరున్నది పెయింటు పూసిన దొంగబిళ్ల. ఇవాళ సొరంగానికి వెళ్లే నలుగురిలో ఎవరో దాన్ని పెట్టుకుని బాంబుతో వస్తున్నారు.”

“పట్టి గీకి చూస్తే పోలా?”

“అనుమానం వస్తే పేల్చేస్తారు. తెలీకుండా తేల్చు.”

సొరంగం గేటు దగ్గర డ్యూటీలో ఉన్నది సిక్స్టెన్ కూతురు తూవా.

లోపలికి వెళ్లే ముందు హార్నోసాండ్ ఊరి సముద్రపు ఒడ్డున పులిసిన హెర్రింగ్ చేపల విందు. ముగ్గురు ఆఫీసర్లు, గున్వోర్. తెల్లకోటు, ఎర్రటి పెదాలు. ముఠాలో ఉంటూ సిక్స్టెన్ శాఖకే కబుర్లు మోసే అందగత్తె.

“ముక్కు మూసుకున్నావేంటి బాబూ? చేపంటే భయమా?” నవ్వింది.

డబ్బా ఉబ్బి చచ్చిన కప్పలా ఉంది. దాన్ని బకెట్టు నీళ్లలో ముంచి తెరవాలని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. సిక్స్టెన్ బకెట్టును కాలితో తోసేసి, పొడిగానే ఓపెనర్ గుచ్చాడు.

బుస్సుమంది. కుళ్లిన మురుగు కంపుతో జిడ్డునీళ్లు అందరి ఛాతీల మీదా చిమ్మాయి.

“ఛీ, వెధవా! బకెట్టు కనబడలేదా?”

“స్టాక్‌హోమ్ పట్నంలో పుట్టావా ఏంట్రా, డబ్బా తెరవడం కూడా రాదు!”

ఆఫీసర్ల బిళ్లలు మూడూ మురికి రంగులోకి తిరిగాయి. సిక్స్టెన్‌దీ అంతే. గున్వోర్‌ది మాత్రం ఆ జిడ్డు కింద కూడా అదే నీలం.

ఆమె వాళ్ల ఛాతీలు చూసింది, తన ఛాతీ చూసుకుంది. చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి దూరింది. వేలు బటన్ మీద పడేలోపే సిక్స్టెన్ చేపల డబ్బాతో మణికట్టు మీద కొట్టాడు. బ్యాగు ఇసకలో పడింది. ఆఫీసర్లు ఆమెను ఒడిసి పట్టారు.

“ఛీ, కంపు మనిషి!” అని ఉమ్మింది.

“చేప కంపు సబ్బుతో పోతుంది గున్వోర్. నీది పోదు.”

సొరంగం గేటు దగ్గర సిక్స్టెన్ బిళ్లను రుమాలుతో తుడిచాడు. నీలం తిరిగొచ్చింది. తూవా ఓసారి బిళ్లను, ఓసారి తండ్రిని చూసి, ముక్కు పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

“బిళ్ల అసలుదే నాన్నా. మనిషిని మాత్రం లోపలికి రానివ్వను.”