నీ కడుపున పుడతానన్న అత్త

“ఆ గుళ్ళపేరు తీసి సంచిలో పెట్టు. అమ్మది అమ్మకి ఇచ్చేయాలి కదేటి.”

అద్దం ముందు తల దువ్వుకుంటూ, ఉప్పు డబ్బా అందుకోమన్నంత తేలిగ్గా అన్నాడు వరహాలు. సూర్యకళ చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీదికి పోయింది. అత్త చిలకమ్మ పోయే ముందు తన మెడలోంచి తీసి, కదిలే ఒక్క చేత్తో తంటాలు పడి, ఈ కోడలి మెడలో వేసిన బంగారు గుళ్ళపేరు అది. అత్త పోయి ఏడాది దాటింది. స్నానానికి కూడా దాన్ని తియ్యలేదు సూర్యకళ.

ఇంతకీ ఇప్పుడు దాన్ని అడుగుతున్న “అమ్మ” ఎవరనుకున్నారు? గాజువాకలో, మరిది సాయిశంకర్ ఇంట్లో, ఈ రోజు ఉయ్యాల ఎక్కబోతున్న పసిగుడ్డు!

ఆ పిల్ల పుట్టిన దగ్గర్నుంచి ఒకటే ఏడుపు. ఎవరో చెబితే సాయిశంకర్ యారాడలో సోది చెప్పే ఆవిడ దగ్గరికి పరుగెత్తాడు. “మీ ముసలమ్మే తిరిగొచ్చింది నాయనా, ఎవరూ గుర్తుపట్టలేదని ఏడుస్తంది” అని చెప్పేసిందావిడ. ఇంకేముంది! పోర్టులో క్రేను నడిపే వరహాలు ఆ రోజు నుంచి డ్యూటీ దిగగానే ఇంటికి రావడం మానేశాడు. నేరుగా గాజువాక పోవడం, ఆ పసిదాన్ని ఒళ్ళో పెట్టుకోవడం, “అమ్మా, ఈయాల ఎండకి సచ్చిపోయాననుకో” అని కష్టసుఖాలన్నీ చెప్పుకోవడం. తల్లి పోయిన రోజు కూడా కన్నీటి చుక్క రాల్చని మనిషి, ఆ పిల్ల పాదాలు కళ్ళకద్దుకుని నవ్వుతూ ఇంటికి వస్తుంటే సూర్యకళకి ఒళ్ళు మండిపోయేది.

ఎందుకు మండదు? మంచాన పడ్డ మూడేళ్ళూ అత్తకి ఒళ్ళు తుడిచిందెవరు? పక్క మార్చిందెవరు? కక్కితే దోసిలి పట్టిందెవరు? పిల్లలు లేని సూర్యకళకి ఆ ముసలమ్మే పిల్ల. మొదట్లో ఓ రోజు తల దువ్వుతుంటే చిలకమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, “వచ్చే జన్మలో నీ కడుపున పుడతానే. నీ రునం అలగ తీర్సుకుంతాను” అంది. ఆ మాట సూర్యకళ గుండెలో దాచుకుంది. ఎన్ని ఆస్పత్రులు తిరిగినా నిండని కడుపు అత్త మాటతోనైనా నిండుతుందని పిచ్చి ఆశ! కర్మకాండ ముగిసిన రోజున భజన బృందం పెద్ద గురునాథరావు గారు, “ఆత్మకి చావు లేదమ్మా, చొక్కా మార్చుకున్నట్టు ఒళ్ళు మార్చుకుంటుంది” అంటే అందరూ కళ్ళు తుడుచుకున్నారు. సూర్యకళ మాత్రం లోలోపల మురిసిపోయింది... అయితే అత్త వస్తుందన్నమాట!

వచ్చింది. ఎక్కడికి? తోడికోడలు హిమబిందు కడుపుకి! పండక్కో పబ్బానికో కిలో యాపిల్స్ పట్టుకుని వచ్చి, గుమ్మం దగ్గరే ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని నిలబడే హిమబిందుకి! అత్తకి ఆవిడంటే గిట్టేదా, ఏమన్నానా? ఇంత చాకిరీ చేసినవాళ్ళ గడప దాటి ఆ గడపలోకి ఎలా వెళ్ళింది అత్త? ఆత్మకి చావు లేకపోవడమే తన కొంప ముంచింది అనుకుంది సూర్యకళ. పోయినవాళ్ళు పోయినట్టే ఉంటే ఈ కుళ్ళు ఉండేది కాదు కదా!

“సంచిలో పెట్టను. అక్కడే, నా చేత్తోనే తీసి ఏత్తాను” అంది భర్తతో. ఏడిచిందో లేదో కూడా చూడకుండా అతను బండి తాళాలు తీసుకున్నాడు.

గాజువాక ఇంట్లో ముందుగదినిండా చుట్టాలు. ఉయ్యాలకి చామంతి దండలు కడుతున్నారు. సూర్యకళ నేరుగా వెనకగదిలోకి వెళ్ళింది. మంచం మీద హిమబిందు పిల్లని భుజాన వేసుకుని కూర్చుంది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఎన్నాళ్ళనుంచో నాలుక చివర దాచుకున్న మాట అప్పుడు వదిలింది సూర్యకళ.

“అదృష్టం అంటే నీదే హిమా. ఒక్క గిన్నె కడక్కుండా అత్తని సంపాదించుకున్నావు.”

కోపంగా జవాబు వస్తుందనుకుంది. హిమబిందు ముఖం ముడుచుకుపోయి, కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా రాలాయి.

“తీసుకుపో అక్కా. నీ అత్తని నువ్వే తీసుకుపో. నా కూతుర్ని నాకిచ్చేసి ఎల్లు.”

“ఏటి ఆ మాటలు?”

“ఇది ఏడిసినప్పుడల్లా ‘అమ్మకి నీమీద ఇంకా కోపం పోలేదు’ అంటారు మీ మరిది. పాలు పడతంటే అటు తిరిగి నిలబడతారు, తల్లి ఎదురుగా సిగ్గట. ఒక్కనాడు ముద్దు పెట్టలేదు దానికి. దండం పెడతారు... నాను లాస్య అని పేరు అనుకున్నాను. ఎవరైనా అడిగేరా? డాక్టరు దగ్గరికి ఎల్దామంటే, ఆవిడ పేరు పెట్టేస్తే ఏడుపు ఆగిపోద్ది అన్నారు.” ముక్కు ఎగబీల్చి, తల దించుకుంది. “నీకు తెలీదు గానీ నాకు నువ్వంటే కుళ్ళక్కా. ఆవిడ నిన్ను పిలిచినట్టు నన్ను ఒక్కసారీ పిలవలేదు. ఆ వాసనకి నాకు వాంతొచ్చేది, గుమ్మం దాటలేకపోయేదాన్ని. ఇప్పుడు ఆవిడకే తల్లినంట నాను.”

సూర్యకళ చేతులు చాచి పిల్లని అందుకుంది. పొట్ట రాయిలా బిగుసుకుని ఉంది. ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుని, అరచేత్తో వీపు మెల్లగా రాస్తూ గదిలో అటూ ఇటూ నడిచింది. కాసేపటికి ఇంత గాలి వదిలి, పిల్ల ఏడుపు ఆపి, గుప్పెట్లు సడలించి, కళ్ళు విప్పార్చి చూసింది.

గుమ్మంలో నిలబడ్డ వరహాలు ముఖం వెలిగిపోయింది. “చూసేరా? అమ్మ గుర్తుపట్టింది! ఎవరు ఎత్తుకున్నా ఊరుకోనిది, కళ ఎత్తుకుంటే ఊరుకుంది. ఒరే శంకరూ, అమ్మ కళ కోసమే వచ్చిందిరా. కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంచుకుంటాం. కళ దగ్గర ఉంటేనే అమ్మకి సుఖం.”

సాయిశంకర్ వెనకనుంచి తల ఊపాడు. “అలాగే అన్నయ్యా. అమ్మ ఎక్కడ ఊరుకుంటే అక్కడే.”

ఏడాదిగా సూర్యకళ ఏ దేవుణ్ణి ఏది అడిగిందో అది ముంజేతి మీద వెచ్చగా పడుకుని ఉంది! నోరు తెరిచి ఔనంటే చాలు. ఉయ్యాల తన ఇంట్లో ఊగుతుంది. అత్త మాట నిలబెట్టుకున్నట్టే. తను గెలిచినట్టే! హిమబిందు వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. ఆమె ఏడవడం కూడా మర్చిపోయి, రెండు చేతులతో దుప్పటి గట్టిగా పట్టుకుని ఉంది.

చేతిలోని పిల్ల ముఖంలోకి చూసింది సూర్యకళ. అత్త కోసం వెతికింది. కనుబొమ్మల్లో వెతికింది, గడ్డంలో వెతికింది. ఎవరో కొత్త పిల్ల, తనని మొట్టమొదటిసారి చూస్తున్న పిల్ల. ఆ చూపుకి, ఎవరికీ చెప్పని ఆ చివరి సాయంత్రం కళ్ళముందుకొచ్చింది. తనకి తాను కూడా చెప్పుకోకుండా అణిచిపెట్టుకున్న సాయంత్రం.

“ఆవిడ రాలేదండీ” అంది.

“ఏటి?”

“అత్త రాలేదు. రానని నాతో చెప్పే ఎల్లింది.” మంచం అంచున కూర్చుంది. “ఆఖరిరోజు మీరు డ్యూటీలో ఉన్నారు. నా చెయ్యి పట్టుకుంది. ‘నీ కడుపున పుడతానన్నాను, ఆ మాట ఒగ్గేసుకోవే తల్లీ’ అంది. ‘ఈ ఒళ్ళు మోయలేక మోసినాను, ఇంకో ఒళ్ళు నావల్ల కాదు. ఇంక పంపకయ్యా అని సింహాచలం అప్పన్నబాబుని అడిగినాను. నీ మాట అడ్డం ఉంటే ఆయన నన్నెలా తీసుకుంటాడు? నువ్వు ఎల్లమంటేనే ఎల్తాను’ అంది. నాను...” ఇక ఆగలేదు ఏడుపు. “నాను ఎల్లిపో అత్తా అన్నాను. అన్నాకే పోయింది. తరవాత ఉండలేక, అదంతా నొప్పికి అన్న మాటలే అనుకున్నాను. వస్తాదనే అనుకున్నాను. మీకంటే పిచ్చిదాన్ని నానే.”

వరహాలు గోడకి ఆనుకుని కిందకి జారి కూర్చున్నాడు.

“ఆత్మకి చావు లేదన్నారు కదే గురునాథరావు గారు...”

“లేదు. అలాగని తిరుగుతానే ఉండాలేటి? డ్యూటీ దిగినోణ్ణి మళ్ళీ గేటు లోపలికి లాగుతామా? మూడేళ్ళు ఏడిసి ఏడిసి ఒక్కటే అడిగింది ఆయన్ని. అదైనా ఇవ్వకపోతే ఆయన దేవుడెలా అవుతాడండీ?”

“మరి నాను ఇన్నాళ్ళూ... ఎవరితో మాట్లాడినాను?”

“మీ తమ్ముడు కూతురితో. అది విన్నది కూడాను.”

అప్పుడు ఏడ్చాడు వరహాలు. చితి ముందు రాని ఏడుపు, నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస లేకుండా, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. సూర్యకళ లేచి వెళ్ళి, పిల్లని హిమబిందు చేతుల్లో పెట్టింది. పెడుతుంటే రొమ్ము మీంచి ఏదో తెగి పడినట్టయింది ఆమెకి. అయినా పెట్టింది.

“కడుపులో వాయువు, అంతే. రేపు పిల్లల డాక్టరు దగ్గరికి నాను కూడా వస్తాను” అంది. మరిది వైపు తిరిగి, “కూతుర్ని ముద్దు పెట్టుకో శంకరూ, ఎవరూ ఏటీ అనరు” అంది.

సాయిశంకర్ దొంగలా దగ్గరికొచ్చి, వంగి, పిల్ల నుదుటి మీద పెదవులు ఆనించాడు. హిమబిందు ఒక చేత్తో తోడికోడలి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

పళ్ళెంలో బియ్యం మీద లాస్య అని రాశారు. గుళ్ళపేరు సంగతి ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం బండి మీద గోపాలపట్నంలోని ఇంటికి తిరిగొస్తుంటే జంక్షన్ దగ్గర సిగ్నల్ పడింది. దూరంగా సింహాచలం కొండ కనిపించింది. సూర్యకళ చూపు తిప్పుకోలేకపోయింది. హిమబిందు మీద ఇక కుళ్ళు లేదు, నిజమే. కానీ లోపల మంట పూర్తిగా ఆరిందా అంటే లేదు! ఇప్పుడు మండుతున్నది ఆ కొండ మీద కూర్చున్న ఆయన మీద. ఏం చాకిరీ చేశాడని ఆయనకి దక్కింది అత్త?

భర్త వీపుకి తల ఆనించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ కొండ మీది ఆయనకి మాత్రమే వినపడేలా అంది:

“సరే, నువ్వే ఉంచుకో స్వామీ. మరి జాగర్తగా చూసుకో. కుడిపక్కకి తిప్పి పడుకోబెట్టకు, ఆవిడకి ఊపిరాడదు. గంజి బాగా చల్లార్చి పట్టు. మధ్యలో లేచి ‘కళా’ అని పిలుత్తాది... నువ్వే పలుకు.”