పట్టీ కట్టినప్పుడు మాట్లాడకూడదు

సోమవారం ఉదయం ఏడుంబావుకి టవర్ క్రేన్ ఆపరేటర్ బీపీ నూట అరవై రెండు బై నూట నాలుగు వచ్చింది. ఆ రోజు నర్సు సెలవులో ఉంది. అతని చేతికి పట్టీ కట్టింది సేఫ్టీ ఆఫీసర్.

క్రేన్ ఎక్కేవాళ్లు రోజూ ముందు ఫస్ట్ ఎయిడ్ గదిలో బీపీ చూపించుకోవాలి. హద్దు దాటితే పైకి పంపరు. మూడోసారి చూసినా అంకె దిగకపోవడంతో సేఫ్టీ ఆఫీసర్ అతని హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

“ఏమయ్యా, నన్ను చూసినా నీ గుండె అంతే కొట్టుకుంటోందా?” అన్నాడు. ఆయన రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు, మీసాలు నెరిశాయి. గదిలో ఉన్నవాళ్లు నవ్వారు.

నవ్వుకు కారణం ఉంది. నర్సు ఆ సైటుకు వచ్చిన నాటి నుంచి ఆపరేటర్ బీపీ ఎక్కువే. అందరూ ఆమెను సిస్టర్ అనేవారు. అతనొక్కడే మేడమ్ అనేవాడు. మొదటిసారి అంకె చూసి ఆమె కంగారుపడితే, “పట్టీ కడుతున్నది మీరు కదా మేడమ్, పెరగక ఏం చేస్తుంది?” అన్నాడు. ఆమె చిరాకుపడి, కాసేపు బయట కూర్చుని రమ్మంది. వచ్చాక అంకె హద్దు లోపలికి దిగింది. పంపించింది.

అదే అలవాటైంది. అంకె పెరిగేది, అతను ఏదో ఒకటి అనేవాడు, ఆమె బయట కూర్చోబెట్టేది. వానలు మొదలయ్యాక, తడుస్తాడని లోపలే కూర్చోమంది. లోపల కూర్చుంటే అంకె దిగడానికి ఇంకాస్త ఎక్కువసేపు పట్టేది. దానికి కారణం ఇద్దరూ ఒకటే అనుకున్నారు. ఆమె పైకి అనలేదు.

మంగళవారం ఆమె డ్యూటీకి వచ్చేసరికి సేఫ్టీ ఆఫీసర్ వేసిన జోకు సైటంతా తిరిగి ఆమె దాకా వచ్చింది. ఆమె నవ్వలేదు. ఆపరేటర్‌ని పిలిపించింది.

“అయితే మీ బీపీ పెరిగేది నా వల్ల కాదు,” అంది.

ఆఫీసర్ మీసాలకు భయపడ్డానని అతను ఏదో చెప్పబోయాడు.

“ఇంకొకరినైతే రెండో రోజే డాక్టర్ దగ్గరికి పొమ్మనేదాన్ని. మిమ్మల్ని పంపలేదు. మీరు చెప్పింది నమ్మాలనిపించింది, నమ్మాను.”

అతను తలనొప్పి లేదన్నాడు, కళ్లు తిరగలేదన్నాడు, నిచ్చెన ఆగకుండా ఎక్కుతానన్నాడు. బీపీ పెరిగినా చాలామందికి ఏమీ తెలియదని, అందుకే రోజూ కొలిచేదని ఆమె చెప్పింది. పైన క్యాబిన్‌లో అతనికి ఏమైనా అయితే, ఆ బరువు కింద ఎవరెవరు పనిచేస్తుంటారో కూడా చెప్పింది.

అప్పటికే అతని సీట్లో కాంట్రాక్టర్ వేరే మనిషిని కూర్చోబెట్టాడు. ఒకసారి దిగినవాడు మళ్లీ పైకి ఎక్కలేడని సైటులో అంటారు.

“మరి నేను ఇన్నాళ్లు అన్నవి?” అని అడిగాడు.

“ముందు బీపీ సంగతి తేలనివ్వండి.”

వారంపాటు ఇంట్లో అతని అక్క బీపీ చూసింది. ఆమె బట్టలు కుడుతుంది, కొలతల దగ్గర ఎవరి మాటా వినదు. నర్సు చెప్పినట్టే అతన్ని కుర్చీకి ఆనుకుని, కాళ్లు నేలకు ఆనించి, కదలకుండా కూర్చోమనేది. పొద్దునా ఎక్కువే, సాయంత్రమూ ఎక్కువే. “ఒరేయ్, నన్ను చూసినా సిగ్గేనా?” అని మొదట్లో ఏడిపించింది. వారం చివర్లో తమ్ముణ్ణి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. రోజూ ఒక మాత్ర వేసుకోవాలని, ఉప్పు తగ్గించాలని, సిగరెట్ మానాలని డాక్టర్ చెప్పాడు.

ఆ రోజుల్లో అతను నేల మీద నిలబడి క్రేన్‌లో ఉన్నవాడికి సిగ్నల్స్ ఇచ్చాడు. రోజూ వచ్చి పట్టీ కట్టించుకున్నాడు. జోకులు మానేశాడు. ఒక రోజు నర్సే, ఏమీ అనరేం అని అడిగింది. ఏమైనా అంటే లెక్క పాడవుతుందన్నాడు. ఆమె కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

వానలు తగ్గే నాటికి అంకె దిగి నిలబడింది. ఎక్కవచ్చని డాక్టర్ రాసిచ్చాడు. కొత్త మనిషిని రెండో క్రేన్‌కి మార్చారు. ఆ ఉదయం ఆమె పట్టీ కడుతుంటే ఆపరేటర్ నోరు తెరవబోయాడు. పట్టీ కట్టినప్పుడు మాట్లాడకూడదంది. గాలి పోయేదాకా అతను ఆగాడు. నూట ఇరవై ఆరు బై ఎనభై.

“చూశారుగా మేడమ్, ఇప్పుడు అంకె సాక్ష్యం కూడా లేదు,” అన్నాడు. “అయినా అడుగుతున్నాను. నన్ను పెళ్లి చేసుకుంటారా?”

ఆమె పట్టీ మడిచింది. తగ్గింది కదా అని మాత్ర మానేసేవాళ్లే ఎక్కువని, మానితే మళ్లీ పెరుగుతుందని చెప్పింది. మాననన్నాడు.

“మా ఇంట్లో ముందే చెప్పాను. ఆదివారం అక్కయ్యను తీసుకురండి.”

అతను బయటికి వచ్చి అక్కకు ఫోన్ చేశాడు. మాత్ర వేసుకున్నావా అని ఆమె ముందు అడిగింది. వేసుకున్నానన్నాడు. తర్వాత సంగతి విని, ఆదివారం ఇవ్వాల్సిన బట్టలు శనివారమే కుట్టేస్తానంది.

ఫోన్‌ను కింద లాకర్‌లో పెట్టి అతను నిచ్చెన ఎక్కాడు. ఎనిమిదిన్నరకి క్రేన్ మొదటి బరువు ఎత్తింది.