పీతిరి గద్దకు ఇచ్చిన మాట

తొంభై మూడు ఎండాకాలం. మద్రాసు జార్జి టౌన్‌లో కోదండరాం వాళ్ళది పప్పుల మండీ. మండీ మీద ఇల్లు, ఇంటి మీద మిద్దె. తల్లి చెల్లమ్మ పోయిన పదోరోజు ఆ మిద్దె పిట్టగోడ మీద పిండం పెడితే ఒక్క కాకీ దిగలేదు. పోయినవాళ్ళకు తీరని కోరిక ఉంటే కాకి ముట్టదంటారు. అందుకే కొడుకు చేతులు జోడించి ఒక్కో మాటా ఇచ్చుకుంటూ పోయాడు. అస్థికలు కాశీలో కలుపుతానన్నాడు. చెల్లెల్ని బాగా చూసుకుంటానన్నాడు. ఎండ నెత్తికెక్కింది, చుట్టాల కడుపుల్లో ఎలుకలు పరిగెత్తుతున్నాయి. చివరికి పిట్టగోడకు వంగి ఏదో గొణిగాడు.

వెంటనే దిగింది. కాకి కాదు... పీతిరి గద్ద. పసుప్పచ్చటి మొహం, మాసిన తెల్ల రెక్కలు. కూవం ఏటి గట్టున మనుషుల మలం తిని బతికే పక్షి.

"ఏదైతేనేం, ముట్టింది గదా" అని పురోహితుడు సంచి సర్దుకున్నాడు.

కోడలు వాసవాంబకు మాత్రం ఆ గొణుగుడు ముల్లులా గుచ్చుకుంది. ఏమన్నారని అడిగితే మొగుడు "సరి, విడవే" అని దాటేశాడు.

మర్నాటి నుంచి ఆ పక్షి పెరట్లోకి రావడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళ నందిత పొద్దున్నే పెరటి కాలవ దగ్గర దొడ్డికి కూర్చుంటుంది. చెల్లమ్మ బతికున్నన్నాళ్ళూ మనవరాలికి కడగడం ఆమె పనే, కన్నతల్లిని కూడా దగ్గరికి రానిచ్చేది కాదు. ఇప్పుడు పిల్ల లేవగానే గద్ద మెల్లగా నడిచొచ్చి ఆ చోటు శుభ్రం చేసేది. తిని, తలెత్తి, పిల్లనే చూసేది. చీపురు విసిరినా జరిగేది కాదు. ఆ వేళకు కోదండరాం పెరటివైపు మొహం పెట్టకపోవడం కూడా వాసవాంబ కనిపెట్టింది.

ఒకరోజు మొగుణ్ణి ఖాళీ విస్తరి ముందు కూర్చోబెట్టి నిలదీసింది.

"ఆ పొద్దు ఏం మాట ఇచ్చినారు?"

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కాశీ అన్నా, దిగలా. చెల్లెలన్నా, దిగలా. అమ్మకు పాపంటే ప్రాణం గదా... పాపను నీకే ఇస్తాలేమ్మా అన్నా. ఊరికే మాటకే! అందరూ ఆకలితో ఉండిరి."

"కూటి కోసం బిడ్డనిచ్చేస్తారా?"

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా.

మాసికం నాడు విస్తరి తనే మిద్దె మీదికి మోసుకెళ్ళింది. ఆరోజు నీళ్ళ లారీ రాలేదు. వంటకు పోగా ఇంట్లో చుక్క మిగల్లేదు. గద్ద అప్పటికే పిట్టగోడ మీద కాచుకొని ఉంది.

"అత్తా, ఆయన ఇచ్చింది తప్పు మాట. పాపను నేనియ్యను. ఇంకేమన్నా అడుగు."

గద్ద మెతుకు ముట్టలేదు. కదల్లేదు. గాలి ఆగింది. ఎక్కడినుంచో నశ్యం వాసన... అత్త పీల్చే నశ్యం.

కింద చెంబుతో నీళ్ళు పోస్తున్న చప్పుడు. ఆగి... మళ్ళీ. నందిత కిలకిలా నవ్వింది.

వాసవాంబ పరుగున దిగింది. పిల్ల కాలవ పక్కన నిలబడి ఉంది. ఒళ్ళంతా తడి. తొట్టి మాత్రం ఎండిపోయి ఉంది. చెంబు బోర్లించినది బోర్లించినట్టే ఉంది.

"ఎవరు కడిగినారే?"

"అవ్వ." పిల్ల రహస్యంలా చెప్పింది. "సాయంత్రం పట్టు పావడ కట్టుకొని ఉండమనింది. పోదామంట."

వాసవాంబ పిల్లను చంకనేసుకొని లోపలికి వెళ్ళింది. నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి బీరువా తెరిచింది.

పట్టు పావడ లేదు. అది మడిచి పెట్టిన చోట కింది చీరలు తడిగా ఉన్నాయి, నశ్యం వాసన...