అలారం ఆగిందా, మోగిందా?

ఆ ఉదయం ఆమె వంటగది గుమ్మం పక్కన కూర్చుని ఓ కర్టెన్ అంచు కుడుతోంది. వారం రోజులుగా భార్యాభర్తలిద్దరికీ జలుబు. చలిగాలి పడటం లేదని కిటికీలన్నీ మూసేశారు. ఏ వాసనా తెలియడం లేదు కానీ, ఆమెకు తల దిమ్ముగా ఉంది.

టైపిస్టుగా రిటైరైన భర్త స్నానం చేసి వచ్చి ఫోన్ చూశాడు. ల్యాబ్‌కి వెళ్లిన కూతురు రెండుసార్లు ఫోన్ చేసి, మెసేజ్ పెట్టింది. వంటింట్లో తను పెట్టించిన గ్యాస్ అలారం సంగతులు ఎక్కడున్నా తన ఫోన్‌కి వస్తాయి. తన ఇంగ్లీషు తుప్పు పట్టకూడదని ఇంగ్లీషులోనే రాయమంటాడాయన.

"గ్యాస్ అలారం వెంట్ ఆఫ్ అట. ఆగిపోయిందట. పీడా పోయింది! కాఫీ తాగి చేస్తాలే అమ్మాయికి ఫోను" అంటూ లైటర్ అందుకున్నాడు.

ఆమె చేతిలో సూది ఆగింది.

"ఆగండి! అలారం వెంట్ ఆఫ్ అంటే మోగిందనండీ. మొన్న అమ్మాయి నేర్పింది. లైటుకైతే ఆరిపోవడం, పాలకైతే విరిగిపోవడం, బాంబుకైతే పేలడం..."

"ఎనిమిదో క్లాసు దాటనిదానివి, నాకు చెబుతావా? ఆఫ్ అంటే ఆఫే! మోగితే మనకి వినపడదూ?"

ఆ మాట అని ఆయనే బిగుసుకుపోయాడు. ఊరికే గీపెడుతోందని నిన్న దాని నోట్లో దూది కుక్కి టేపు వేసింది తనే. ఇద్దరూ మాట్లాడకపోయేసరికి, స్టవ్ వెనక సన్నని బుస వినిపించింది.

లైటర్ మీదున్న ఆయన బొటనవేలు కదలలేదు. ఆమె మెల్లగా లైటర్ లాక్కుని, సిలిండర్ కట్టేసి, ఆయన్ని ఇంటి బయట మెట్ల మీదికి లాక్కుపోయింది. ఏ స్విచ్చీ ముట్టుకోలేదు.

గ్యాస్ మెకానిక్ వచ్చి, చీలిన ట్యూబు చూపించాడు. "ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, పేలిపోయేదండీ" అన్నాడు.

కూతురు రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది. "ఫోన్ ఎందుకు ఎత్తలేదు నాన్నా? అలారం ఎందుకు వినపడలేదు?"

"జలుబు కదమ్మా, చెవులు కూడా..." తల్లి సర్దబోయింది.

"నువ్వు ఊరుకో" అన్నాడాయన. "నేనే దూది కుక్కానమ్మా. మీ అమ్మ అర్థం చెబితే ఎగతాళి చేశాను. ఏమీ రాదని ఇన్నేళ్లూ దీన్ని..."

ఆమె ఆయన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఇక ఆగలేదు.