తెలిసీ తప్పిన జవాబులు

"ఇక్కడికి చదువుకోడానికొస్తున్నారా, పడుకోడానికొస్తున్నారా?"

విఘ్నేశ్వర్ గొంతు వినపడగానే మీనాకుమారి ఉలిక్కిపడి బల్ల మీంచి తలెత్తింది. చెంప మీద గాజుల అచ్చు పడి ఉంది.

"ఇంటికాడ పడుకోడానికి అవ్వదు మాస్టారూ. అందుకే ఇక్కడికొచ్చినాను."

క్లాసంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు.

విఘ్నేశ్వర్ పగలంతా న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రాలు డిపార్ట్‌మెంట్ పరీక్షలు రాసే రైల్వే వాళ్ళకి ఊరికే చెబుతాడు. మీనాకుమారి వర్క్‌షాప్‌లో హెల్పర్. తండ్రి సర్వీసులో ఉండగానే పోతే ఆ ఉద్యోగం ఆమెకొచ్చింది. పొద్దంతా ఇనుము మోయడం, ఇంటికెళ్ళి మోకాళ్ళు పట్టేసిన తల్లికి వండిపెట్టడం. క్లర్కు పరీక్ష రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే ఇంక రాయకూడదనుకుంది.

క్లాసయ్యాక అతను ఆమెను ఆపాడు.

"సారీ అండీ. అసలెలా చదువుతున్నారు మీరు?"

"ఒకటే పేజీ పదేసి మాట్లు సదువుతాను. పుస్తకం మూసేస్తే ఏటీ ఉండదు."

"అయితే చదవడం తగ్గించండి. ఒకసారి చదివి, మూసేసి, గుర్తున్నది పైకి చెప్పండి. రానిచోటే మళ్ళీ తెరవండి. వెతుక్కున్నదే నిలుస్తుంది."

"పరీక్షలో అడిగే ఈ సెలవుల రూల్స్ ఎక్కడని ఎతుక్కుంటాం? నానెప్పుడైనా వాడితే కదా!"

"ఒక్కో రూల్‌నీ మీరు రోజూ నడిచే దారిలో ఒక్కోచోట పెడదాం, రండి."

అతను సైకిల్ నడిపించుకుంటూ ఆమెతో పాటు ఆమె ఉండే ట్రాఫిక్ కాలనీ వైపు నడిచాడు. సన్నగా చినుకులు మొదలయ్యాయి.

"క్యాజువల్ లీవు ఎక్కడ పెడతారు?"

"ఆ టీ కొట్టుకాడ. గిరిబాబు దాదా కొట్టు ఎప్పుడు కట్టేస్తాడో ఆయనకే తెలీదు."

"భలే! సగం జీతం సెలవు?"

"అదిగో, సగం షట్టరేసిన మెకానిక్ షాపు."

"మెటర్నిటీ లీవు..." అతను తడబడ్డాడు. "అది మీరే ఎక్కడో పెట్టుకోండి."

ఆమె అటూ ఇటూ చూసింది. "మీ సైకిలెనక సీటు మీద పెట్టేసినాను. పడిపోకుండా సూసుకోండి."

అతని కాలు సరాసరి నీళ్ళ గుంటలో పడింది. ఆమె నవ్వింది. అలసిన నవ్వే అయినా అతనికి ఇల్లు చేరేదాకా అదే గుర్తొచ్చింది.

"రేపు మీరు డ్యూటీ దిగే వేళకి వచ్చి, నడుస్తూ అడుగుతాను," అన్నాడు విడిపోయేముందు. "అన్నీ వస్తే రెండ్రోజులాగి అడుగుతాను. అప్పుడూ వస్తే వారానికి. మరిచిపోయేముందు గుర్తు చేసుకుంటే గట్టిపడుతుంది. తప్పితే మాత్రం మళ్ళీ రేపే."

మర్నాడు అన్నీ చెప్పింది. రెండ్రోజులాగి అడిగినా చెప్పింది. ఇక వారం దాకా అతను వచ్చే పని లేదు.

ఆ వారం ఆమె డ్యూటీ దిగి ఒంటరిగా నడిచింది. దారి ఎంతకీ తరగలేదు.

తర్వాత అతను అడిగినప్పుడు సగం రూల్స్ మరిచిపోయింది. మర్నాడు మిగతా సగం మరిచిపోయింది. వానాకాలమంతా అలాగే గడిచింది. అతను రూల్స్‌ని పాటలుగా కట్టాడు, కథలుగా చెప్పాడు, తనకే పాఠం చెప్పమన్నాడు. ఏదీ పనిచెయ్యలేదు.

ఒకరోజు దారి మధ్యలో సైకిల్ ఆపేశాడు.

"నాకే చెప్పడం రావట్లేదు. ఇందా పేటలో ఉదయభాను గారని మంచి టీచరున్నారు. ఆవిడ దగ్గరికి వెళ్ళండి."

"నన్నొదిలించుకుంటున్నారేటి?"

"మీ పరీక్ష పోతుందని భయంగా ఉంది."

ఆమె తల దించుకుంది. తర్వాత మొదలుపెట్టింది. మొదటి సెలవు నుంచి చివరి సెలవు దాకా, ఒక్క మాట తడబడకుండా అన్నీ అప్పజెప్పింది.

"ఇవన్నీ ఎప్పుడొచ్చాయి?"

"ఎప్పుడో వచ్చేసినాయి."

"మరి రోజూ తప్పులెందుకు?"

"సరిగ్గా సెప్తే వారందాకా రారు కదా." ఆమె సైకిల్ వెనక సీటు మీద చెయ్యి వేసింది. "పొద్దున్నుంచీ ఒళ్ళు హూనమైపోతాది మాస్టారూ. మీతో నడిసిన ఈ కాసేపే నాను మనిషినని అనిపిస్తాది."

వాన పెరిగింది. ఇద్దరిలో ఎవరూ గొడుగు తెరవలేదు.

"మొదట్లో వారం ఆగుతానన్నాను కదా, ఆ వారమంతా నేనూ వచ్చాను," అన్నాడు అతను. "రోజూ వర్క్‌షాప్ గేటు దాకా వచ్చి, పలకరించడానికి ఏ వంకా దొరక్క వెనక్కెళ్ళిపోయాను."

"వంక దేనికి మాస్టారూ?"

"ఇకమీదట అక్కర్లేదు. పరీక్షలో మాత్రం తప్పు రాయకండి, మీకు పుణ్యముంటుంది!"

రాయలేదు. పాసైంది.

ఫలితాలొచ్చిన సాయంత్రం అతను మొదటిసారి వాళ్ళింటికెళ్ళాడు. తల్లి హైమవతి గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"బాబూ, ఇది ఎంత అలిసిపోయి వచ్చినా నీ మాటే సెప్తాది. సేసుకుంటావేటి?"

"అమ్మా!" అంది మీనాకుమారి.

"చేసుకుంటానండీ. మా ఇంట్లో చెప్పే వచ్చాను. అమ్మ ఆదివారం వస్తానంది."

"అయితే గుమ్మంలోనే నిలబడ్డావేటి, రా లోపలికి!" అంటూ ఆవిడ కళ్ళొత్తుకుంది.

మీనాకుమారి టీ పెట్టడానికి లేవబోయింది. అతను వద్దని, తనే వంటింట్లోకి నడిచాడు.

తండ్రి పోయాక, ఆమె కూర్చుని ఉండగా ఆ ఇంట్లో మరొకరు పొయ్యి వెలిగించడం అదే మొదలు.