గంటగోపురం కింద బూర

మా చర్చి గంటగోపురం కింద గది ఉంది చూడు చెల్లీ... చీకటి పడ్డాక అటు పోవద్దని నాకు పెళ్ళైన కొత్తలోనే చెప్పారు. పగలు కూడా అంతే. ఊడ్చే ఆవిడ గుమ్మం దాకా ఊడ్చి, గిరుక్కున వెనక్కి తిరిగేది. లోపల దేవదూత ఉన్నాడంట. దేవదూత ఉంటే మంచిదేగా అంటావా? అక్కడే ఉంది తిరకాసు — ఆ దేవదూత రాత్రిళ్ళు మూలుగుతాడంట.

గదిలో జరిగింది నేను చూడలేదు. మా ఆడపడుచు చెప్పింది చెప్పినట్టు చెప్తున్నా. మధ్యలో ఆపకు... వాయిస్ నోట్ కదా, ఆపలేవులే.

ఆ దేవదూతని చెక్కింది ఎవరో కాదు, మా మామగారు.

ఆయన క్రిస్మస్ బొమ్మలు చేసేవాడు. పశువుల తొట్టి, గొర్రెలు, కాపరులు — అన్నీ అందరిలాగే. దేవదూత దగ్గరికొచ్చేసరికే పేచీ. మిగతావాళ్ళు బుగ్గలుబ్బిన పసిపిల్లాడికి రెండు రెక్కలు అంటించి ఇచ్చేస్తారా, ఈయన మాత్రం మనిషంత కొయ్యబొమ్మ చెక్కాడు. ఎముకలు తేలిన మొహం, ఇంతింత కళ్ళు, పాదాలకి దుమ్ము రంగు.

"కబురు మోసుకుని అంత దూరం నుంచి వచ్చాడు, కాళ్ళకి దుమ్ము అంటదా?" అనేవాడు.

"మొహమైనా కాస్త ముద్దుగా చెయ్యి నాన్నా," అందంట మా ఆడపడుచు, అప్పుడు చిన్నపిల్ల.

"ముద్దుగా ఉంటే, రాగానే మొదటిమాట 'భయపడకండి' అని ఎందుకంటాడే పిచ్చిదానా?"

రెక్కలు — కబురు ఆలస్యం కాకూడదని. తెల్లబట్ట — చీకట్లో కాపరులకి కనపడాలని. బూర — నిద్రపోయేవాడు కూడా లేవాలని. ప్రతిదానికీ ఆయనకో లెక్క.

ఏటా క్రిస్మస్‌కి ఆ బొమ్మని తాళ్ళతో పైకి లాగి, పశువుల తొట్టి మీద వేలాడదీసేవాళ్ళు. పండగైపోయాక గంటగోపురం కింద గదిలో నిలబెట్టేవాళ్ళు. ఒక ఏడాది, గంట కొట్టే ఆయన అదే గదిలో, నిచ్చెన మీంచి పడి... పోయాడు.

అంతే. "ఆ మొహం చూసి జడుసుకుని పడ్డాడు" అన్నారొకరు. "మూలుగు నేను విన్నా" అన్నారింకొకరు. సంఘపెద్ద అయితే అందరి ముందూ అనేశాడు — "అది దేవదూత కాదు. అందులో ఇంకేదో దూరింది."

గదికి తాళం పడింది. మామగారి దగ్గర బొమ్మ కొనే నాథుడు లేడు. ఇంట్లో ఉలి చప్పుడు ఆగిపోయింది. పోయేదాకా ఆయనది ఒకటే మాట — "నా బొమ్మ ఎవర్నీ చంపలేదమ్మా."

మా ఆడపడుచు ఇప్పుడు బొమ్మలకి రంగులేసే పని చేస్తుంది. మొన్న క్రిస్మస్‌కి ముందు, ఒక సాయంత్రం తన చెవిన పడింది — గది ఖాళీ చేస్తున్నారు, పొద్దున్నే ఆ బొమ్మని తగలబెడతారు.

రంగు చేతులతోనే ఆ సంఘపెద్దాయన ఇంటికెళ్ళింది.

"తాళంచెవి ఇవ్వు బాబాయ్."

"చీకటి పడిందమ్మా. పొద్దున్న చూద్దువులే."

"పొద్దున్న బూడిదని చూడనా?"

"అది మంచి బొమ్మ కాదు. నా మాట విను."

"మా నాన్న మాట ఎవరైనా విన్నారా బాబాయ్? నేను వినడానికి!"

ఆయన తాళంచెవి బల్ల మీద పడేశాడు. చేతికి కూడా ఇవ్వలేదంట.

తలుపు తీసింది. దుమ్ము వాసన... చెమ్మ వాసన. ఫోన్ లైటు వేసింది. ముందు పాదాలు కనిపించాయి. తర్వాత తెల్లబట్ట. తర్వాత... కళ్ళు. తనవైపే.

అప్పుడొచ్చింది.

ఊఁ...ఊఁఊఁ...

పాలిచ్చే ఆవు దూడ కోసం అరిచినట్టు... కాదు, ఇంకా లోతుగా... నేల లోపల్నుంచి. "వదినా, కాళ్ళు పరిగెత్తమంటున్నాయి. కదిలితే ఒట్టు!" అంది నాతో.

మళ్ళీ — ఊఁఊఁ...

మా ఆడపడుచుకి ఒళ్ళు మండిపోయింది. భయం ఎక్కువైతే దానికి కోపమొస్తుంది, చిన్నప్పట్నుంచీ అంతే. గట్టిగా అరిచిందంట — "భయపడకండి అని చెప్పాల్సినోడివి నువ్వే కదా! నన్ను భయపెడతావేంటి?"

తిన్నగా వెళ్ళి, మూలుగొస్తున్న చోట — బూర మూతి మీద — అరచెయ్యి పెట్టి నొక్కేసింది.

ఆగిపోయింది.

చెయ్యి తీసింది. ఊఁఊఁ... మళ్ళీ నొక్కింది. నిశ్శబ్దం.

వేలు పెట్టి చూస్తే లోపలికంటా వెళ్ళింది. అప్పుడు గుర్తొచ్చింది దానికి — నాన్న ఎర్రగా కాల్చిన చువ్వ పట్టుకుని, ఇల్లంతా పొగ చేసి, అమ్మ చేత తిట్లు తింటూ... బూరకి ఈ చివర్నుంచి ఆ చివరికి బెజ్జం వేస్తున్నాడు! బొమ్మ బూరకి ఎవరూ అలా వెయ్యరు, మూతి దగ్గర కాస్త తొలిచి వదిలేస్తారు. ఈయన ఊరుకుంటాడా? కిటికీ సందులోంచి గాలి కొట్టినప్పుడల్లా అది మోగుతుంది. ఇన్నేళ్ళ దెయ్యం ఇదీ!

నవ్వుతూ ఏడ్చిందంట, ఒక్కత్తే.

బొమ్మ వెనకాల ఇంకోటి దొరికింది. నిచ్చెన. పై మెట్టు పుచ్చిపోయి విరిగి ఉంది. దాని కింది మెట్టు తాడుతో కట్టి ఉంది — అంటే అదీ ముందే విరిగిందన్నమాట. గంట కొట్టే ఆయన కొత్త నిచ్చెన కావాలని బతిమాలేవాడని వాళ్ళావిడ మొత్తుకుంటూనే ఉంది, ఎవరు విన్నారు?

"అన్నయ్యా, బండి తీసుకురా," అని మా ఆయనకి ఫోన్ చేసింది. బొమ్మా నిచ్చెనా రెండూ మా ఇంటికొచ్చాయి.

పొద్దున్నే పెద్దాయన దిగాడు. మా ఆడపడుచు విరిగిన మెట్టు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"తగలబెట్టాలంటే దీన్ని తగలబెట్టు బాబాయ్. చంపింది ఇది."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. చివరికి — "సరే, పండక్కి పైకి ఎక్కించండి. కానీ ఆ మొహం కాస్త నవ్వేలా మార్చమ్మా."

"మార్చను."

మార్చలేదు కూడా. పాత రంగంతా గరుకు కాగితంతో రుద్దింది. అదే మొహం, అవే కళ్ళు, ఇంకాస్త పెద్దవే చేసింది! పాదాలకి మళ్ళీ దుమ్ము రంగు.

ఇక్కణ్ణుంచి నేను చూసిందే.

క్రిస్మస్ రాత్రి, చర్చిలో. దేవదూత పైన వేలాడుతున్నాడు. అందరూ తలెత్తి గుసగుసలు. చలికి తలుపులూ కిటికీలూ బిగించేశారు, కొవ్వొత్తుల మంటలు కూడా కదలట్లేదు. పెద్దాయన లేచి, "ఈ బొమ్మ చేసిన మనిషి..." అని మొదలుపెట్టి, గొంతు సవరించుకుని ఆగాడు.

ఆ నిశ్శబ్దంలో —

ఊఁఊఁఊఁ...!

మూలుగు కాదు చెల్లీ. పిలుపు. గంట కూడా గుయ్యిమంది. పెద్దాయన చేతిలో కాగితం కింద పడింది. ఎవరో పిల్ల కెవ్వుమంది.

నాకు మాత్రం నవ్వొచ్చింది, గుట్టు తెలుసుగా. "గాలికే కదా?" అన్నాను మెల్లగా.

మా ఆడపడుచు నా చెయ్యి పట్టుకుంది. దాని వేళ్ళు మంచుగడ్డలు.

"వదినా... రుద్దేటప్పుడు పొడి లోపలికి పోకూడదని బూరలో గుడ్డ కుక్కా."

"అయితే?"

"తియ్యడం మర్చిపోయా."

తలెత్తి చూశాను. నిజమే... బూర మూతిలో ఎర్రగుడ్డ కొస, అలాగే, బిర్రుగా.

"దింపించేద్దామే..." అన్నాను.

అది పైకే చూస్తోంది. కళ్ళు అచ్చం మామగారివి.

"ఎందుకు వదినా? ఇన్నేళ్ళు నోరు నొక్కేశారు," అంది. "ఊదనీ."